వరి కోశాక మడిలో ఏం వేద్దాం? దాళ్వా, అపరాలు, దాణా మొక్కజొన్న: వంశధార పక్క రైతు లెక్క

నవంబరు నెలాఖరు. కాశీనగర్ దగ్గర మా మడిలోంచి కోత మిషన్ అప్పుడే గట్టెక్కింది. దాని చక్రాలు దిగబడిన చోట రెండు గాళ్ళు, వాటి నిండా నీళ్ళు. మా బావ గట్టు మీద చెప్పులు విప్పి, ఒక కాలు మడిలో పెట్టి చూశాడు. మడమ దిగిపోయింది. "ఏటి బావా, ఇందులో జొన్నా?" అన్నాడు. (ఇక్కడ జొన్న అన్నచోటల్లా మొక్కజొన్నే.)

ఈ ప్రశ్న మా ఒక్కరిది కాదు. గజపతి జిల్లాలో కాశీనగర్, పర్లాకిమిడి చుట్టూ, పైన రాయగడ జిల్లా గుణుపురం దాకా వంశధార పక్కన వరి పండించే తెలుగు రైతులందరికీ ఏటా ఈ రోజుల్లో ఇదే టెన్షన్. అవతల పాతపట్నం, భామిని వైపు చుట్టాలింటికి వెళ్ళి వచ్చినవాళ్ళు మొక్కజొన్న చూసి వస్తారు. ఇంట్లో పెద్దవాళ్ళు పెసలు చల్లమంటారు. మోటారు ఉన్నవాళ్ళకు దాళ్వా మీద, అంటే రబీ వరి మీద మనసు. ఏదీ తేలకపోతే మడిని పశువులకు వదిలేయడం ఎలాగూ ఉంది.

నేను అన్నీ వేసి చూశాను. కొన్నిట్లో దెబ్బతిన్నాను. అందుకే చెబుతున్నాను, మనం సాధారణంగా ముందు అడిగేది ధర. అది చివర అడగాల్సిన మాట. ముందు అడగాల్సినవి రెండు: వరి ఏ తేదీకి మడి ఖాళీ చేస్తుంది? ఫిబ్రవరిలో మోటారు ఎంత పోస్తుంది? ఈ రెండూ రైతును బట్టి కాదు, మడిని బట్టి మారతాయి. ఒకే ఇంట్లో మూడు మడులుంటే మూడు రకాల సమాధానాలు రావచ్చు.

## కోత తేదీ

మొక్కజొన్న వేయాలా వద్దా అన్నది నిజానికి నవంబరులో తేలేది కాదు. జూన్‌లో వరి విత్తనం సంచి భుజాన వేసుకున్నప్పుడే తేలిపోతుంది. స్వర్ణ వేస్తే 145 నుంచి 150 రోజులు. నారు జూన్ చివర పోసినా కోత నవంబరు మూడో వారం దాటుతుంది, వాన ఆలస్యమైతే డిసెంబరు. ఎం.టి.యు. 1001 అయితే 135 రోజుల లోపు. ఎం.టి.యు. 1010 అయితే 120 రోజులు, అంటే అక్టోబరు చివరికే మడి మన చేతికొస్తుంది. ఎటొచ్చీ అక్టోబరు తుపానుల నెల. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు ఈ వైపు చేలు ఏమయ్యాయో గుర్తున్నవాళ్ళు తక్కువ రోజుల రకం అనగానే ఒక్క క్షణం ఆగుతారు, అందులో తప్పు లేదు. మొత్తం మడులన్నీ కాకుండా జొన్న వేయాలనుకున్న ఒకటి రెండు మడుల్లో మాత్రం తక్కువ రోజుల రకం వేస్తే ఆ భయం సగం తగ్గుతుంది.

తేదీకి ఇంత ప్రాముఖ్యం ఎందుకంటే పూత కోసం. రబీలో మొక్కజొన్న విత్తిన రెండు నెలలకు కాస్త అటూ ఇటూగా జల్లు (మగపూత) వేసి పీచు తీస్తుంది. నవంబరు 10న విత్తితే పూత జనవరిలో, కోత మార్చిలో. డిసెంబరు 20న విత్తితే పూత ఫిబ్రవరి చివర, కోత ఏప్రిల్‌లో. జనవరి నడిమికి జరిగితే పూత మార్చి రెండో సగంలో పడుతుంది. ఎండ 35 డిగ్రీలు దాటిన గాలిలో పుప్పొడి చచ్చిపోతుంది, పీచు ఎండిపోతుంది.

ఒక ఏడు నేను సరిగ్గా అదే చేశాను. స్వర్ణ కోసి, గడ్డి తీసి, కూలీలు దొరక్క, జనవరి 12న విత్తాను. చేను పచ్చగా, మనిషెత్తు లేచింది. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. పొత్తు ఒలిచి చూస్తే ఇక్కడో గింజ, అక్కడో గింజ, పళ్ళూడిన ముసలమ్మ నోరులా. ఎరువు, నీళ్ళు, కష్టం అన్నీ సరిగ్గానే పెట్టాను. తేదీ ఒక్కటే తప్పు. అప్పటి నుంచి నా గీత డిసెంబరు 20. ఆ తర్వాత మడి ఖాళీ అయితే గింజ కోసం మొక్కజొన్న వేయను.

## ఫిబ్రవరి నీళ్ళు

నవంబరులో బావి చూసి పంట నిర్ణయించకూడదు. వంశధార నవంబరులో ఏరు, మార్చిలో ఇసుక. నేలబావి ఉన్నా, ఏటి ఒడ్డున లిఫ్ట్ పాయింట్ ఉన్నా, కిందటి ఫిబ్రవరిలో, మార్చిలో ఎన్ని గంటలు ఆడిందో గుర్తు తెచ్చుకోండి. పాని పంచాయతీ (నీళ్ళు పంచే రైతుల సంఘం) కింద వంతుల వారీగా నీళ్ళొస్తే మీ వంతు ఎన్ని రోజులకు ఒకసారో ముందే మాట్లాడుకోండి.

లెక్క కట్టడం కష్టమేం కాదు. 200 లీటర్ల డ్రమ్ము పైపు కింద పెట్టి చూడండి. 20 సెకన్లలో నిండితే మీ మోటారు గంటకు 36 వేల లీటర్లు పోస్తోంది. ఎకరానికి 5 సెంటీమీటర్ల తడి అంటే సుమారు 2 లక్షల లీటర్లు. అంటే ఒక్క తడికి అయిదున్నర గంటలు, కాలువలో ఇంకిపోయేది వేరు. బరువు నేలలో మొక్కజొన్నకు అయిదారు తడులు, తేలిక నేలలో ఎనిమిది దాకా. డ్రమ్ము నిండడానికి 40 సెకన్లు పడితే గంటలు రెట్టింపు వేసుకోండి.

వరికి మొత్తం 1,200 మిల్లీమీటర్లు, ఒక్కోచోట ఇంకా పైన కావాలి. మొక్కజొన్నకు 500 నుంచి 600. కాబట్టి ఒక ఎకరం దాళ్వాకు పోసే నీళ్ళతో రెండెకరాల జొన్న తీయొచ్చు. ఈ ఒక్క మాట కింద డబ్బు లెక్కను తలకిందులు చేస్తుంది, అప్పుడు మళ్ళీ చెబుతాను.

నీళ్ళు తక్కువైనా ఎక్కడ తగ్గించాలో తెలిస్తే జొన్న బతుకుతుంది. జల్లు వేసే ముందు, పీచు తీసేటప్పుడు, గింజ పాలు పోసుకునేటప్పుడు మాత్రం తడి తప్పకూడదు. ఆ మూడు వారాల్లో మోటారు కాలిపోయిందంటే సగం పంట పోయినట్టే. ఇందుకు వ్యతిరేకంగా, మొదటి 30 రోజుల్లో జొన్నకు నీళ్ళు ఎక్కువైతే చావు. వరి రైతు చేతికి ఇది అలవాటు లేని విషయం. మనకు నీళ్ళు నిలబడితే సంతోషం. జొన్న మొక్క రెండు రోజులు నీళ్ళలో నిలబడితే ముందు ఊదా రంగు తిరిగి, తర్వాత పసుపు పచ్చబడి అక్కడే ఆగిపోతుంది. మొదట చెప్పానే కోత మిషన్ గాళ్ళు, అలాంటి వాటి వెంట ఒక ఏడు నాకు రెండు వరసలు అలాగే పోయాయి.

## పక్క మడి

పుస్తకాల్లో రాయని విషయం ఇది. మీ మడి పల్లంలో ఉండి, పైమడి వాళ్ళు దాళ్వా వేశారంటే మీ జొన్న పని అయిపోయినట్టే. ఊట దిగుతూనే ఉంటుంది, గట్టు ఎంత గట్టిగా వేసినా. అలాగే చుట్టూ అందరూ మడులు ఖాళీగా వదిలేసి మీరొక్కరే పచ్చగా వేస్తే ఊళ్ళో విడిచిన పశువులన్నీ అక్కడికే వస్తాయి. చిలకలు, అడవి పందులు కూడా అంతే. కొండ వైపు ఊళ్ళవాళ్ళకు ఏనుగుల సంగతి చెప్పనక్కర్లేదు. లఖారి లోయ అడవుల నుంచి దిగిన మంద ఏళ్ళుగా సరిహద్దుకు అటూ ఇటూ తిరుగుతూనే ఉంది, పాలుపోసుకున్న జొన్న చేను వాటికి విందు. ఏనుగులు తిరిగే దారిలో పొలం ఉంటే జొన్న మాట ఎత్తకండి, పెసలు చల్లుకోండి.

కనీసం ఏడెనిమిది ఎకరాలు ఒక పట్టుగా కలిస్తేనే జొన్న వేయడం మేలు. కాపలా పంచుకోవచ్చు, నూర్పిడి మిషన్ కూడా ఒకేసారి వస్తుంది. అందుకే కోతకు ముందే గట్టు పక్కవాళ్ళతో ఒక సాయంత్రం టీ తాగండి.

## నాలుగు దారులు పక్కపక్కన

| | దాళ్వా వరి | మినుము, పెసర | దున్నకుండా మొక్కజొన్న | దున్ని బోదెల మీద మొక్కజొన్న |
|---|---|---|---|---|
| ఎప్పటిలోగా | నాట్లు జనవరి నడిమికి | కోతకు రెండు మూడు రోజుల ముందే చల్లాలి | డిసెంబరు 20 | నవంబరు నెలాఖరు |
| ఎన్ని రోజులు | నారుతో కలిపి సుమారు 120 | 70 నుంచి 80 | 110 నుంచి 125 | 110 నుంచి 125 |
| నీళ్ళు | చివరి దాకా పుష్కలంగా | నేలలో మిగిలిన తేమ, వీలైతే ఒక తడి | 5 లేదా 6 తడులు | 6 నుంచి 8 తడులు |
| ఎలాంటి మడి | పల్లం, ఊట మడి | తేమ పట్టి ఉంచే బంక నేల | బంక నేల, నీరు తీసే దారి ఉండాలి | ఒండ్రు, ఇసుక కలిసిన నేల, మెరక |
| ముందు పెట్టుబడి | ఎక్కువ | చాలా తక్కువ | మధ్యస్థం | ఎక్కువ |
| అమ్మకం | సొసైటీ మండీలో (ప్రభుత్వం వరి కొనే చోటు), అమ్మకపు టోకెన్ ఉంటే | ఇంటి దగ్గరే, బజారులో | వ్యాపారి | వ్యాపారి |
| పెద్ద భయం | మార్చిలో నీళ్ళు | పల్లాకు తెగులు | కలుపు, పడిపోవడం | ఆలస్యం |

## దాళ్వా

మండీ టోకెన్, ఏప్రిల్ దాకా నీళ్ళు, రెండూ ఉన్న పల్లపు మడిలో నేను ఈ రోజుకీ దాళ్వానే వేస్తాను. ఎందుకంటే ఒడిశాలో వరికి ఉన్న అండ మరే పంటకూ లేదు. 2025-26కు సాధారణ రకం వరి మద్దతు ధర 2,369 రూపాయలు. దాని మీద ఒడిశా ప్రభుత్వం 2024-25 నుంచి క్వింటాలుకు 800 రూపాయల ఇన్‌పుట్ సాయం కలుపుతోంది. అంటే 3,169. మొక్కజొన్న మద్దతు ధర అదే ఏటికి 2,400 అయినా, మన వైపు ఆ ధరకు కొనే మండీ గడప దొరకడం కష్టం.

అయితే ఆ 3,169 కాగితం మీద పేరు ఉన్నవాడిదే. కౌలుకు చేసేవాడికి టోకెన్ రాకపోతే, భూమి కాగితాలు తాత పేరు మీదే ఉండిపోతే, బస్తాలు ఇంటి ముందుకొచ్చే వ్యాపారికే పోతాయి. అప్పుడు దాళ్వాకున్న పెద్ద బలం పోయినట్టే. రబీకి మీ పేరు ఎక్కుతుందో లేదో నారు పోయకముందే సొసైటీలో అడగండి.

## మినుము, పెసర

పెద్దవాళ్ళ పద్ధతి. కోతకు రెండు మూడు రోజుల ముందు వరి నిలబడి ఉండగానే విత్తనం చల్లేయడం. ఒడియాలో దీన్నే పైరా అంటారు. దుక్కి లేదు, ఎరువు లేదు, నీళ్ళు లేవు, 75 రోజుల్లో ఇంటికి పప్పు. మినుముకు ఎకరానికి 16 నుంచి 18 కిలోల విత్తనం.

కోత మిషన్ వచ్చాక దీనికి దెబ్బ తగిలింది. చల్లిన గింజల మీద చక్రాలు తిరుగుతాయి, గడ్డి కుప్పలుగా పడుతుంది. చేతి కోత ఉన్న మడుల్లో ఇప్పటికీ బాగా వస్తుంది. రెండో దెబ్బ తెగుళ్ళది. గుంటూరు, కృష్ణా జిల్లాల వరి మాగాణుల్లో ఒకప్పుడు మినుమే రాజు. పల్లాకు తెగులు, బూడిద తెగులు, బంగారు తీగ ముదిరి రైతులు విసిగిపోయే అక్కడ దున్నకుండా మొక్కజొన్న వేసే పద్ధతి అంతగా పాకింది. పల్లాకును తట్టుకునే ఎల్.బి.జి. 787, టి.బి.జి. 104 మినుము రకాలు, ఐ.పి.ఎం. 02-14 పెసర దొరికితే అవే వేయండి. ఇంట్లో నిల్వున్న పాత విత్తనం మీద ప్రేమ చాలించండి.

ఎకరానికి మూడు నాలుగు క్వింటాళ్ళు వస్తే గొప్ప. తక్కువే, కానీ పోయేదీ తక్కువ. పైగా మరుసటి వరికి నేల తేరుకుంటుంది.

## మొక్కజొన్న, దున్నకుండా

"దుక్కి లేకుండా జొన్న ఎలా లేస్తుందిరా?" అని మా చిన్నాన్న మొదటి ఏడు నా ముందే నవ్వాడు. లేస్తుంది. బంక నేల అయితే దున్నినదానికంటే ఇదే మేలు, ఎందుకంటే తడి బంకను దున్నితే బెడ్డలు లేస్తాయి, ఆరే దాకా ఆగితే రెండు వారాలు పోతాయి. ఆ రెండు వారాలే మనకు బంగారం.

పద్ధతి ఇది. వరిని నేలకు ఆనించి కోయాలి. కోత మిషన్ ఎత్తుగా వదిలిన మోళ్ళుంటే మళ్ళీ కోయించాలి, లేకపోతే మోడు చిగురించి జొన్నతో పోటీ పడుతుంది. మడి చుట్టూ, మధ్యలో ఒకటి రెండు చోట్ల, జానెడు లోతు కాలువ తీసి నీరు బయటికి పోయే దారి పెట్టాలి. అడుగు వేస్తే అచ్చు పడి, మడమ దిగకుండా ఉన్న రోజు విత్తనానికి సరైన రోజు. తాడు కట్టి వరసకు వరసకు 60 సెంటీమీటర్లు, మొక్కకు మొక్కకు 20. కర్రతో గుంట చేసి గింజ వేయొచ్చు, చేత్తో తోసే చక్రం ఉంటే ఇద్దరు మనుషులు రోజులో ఎకరం పైగా పూర్తి చేస్తారు. ఎకరానికి 8 కిలోల హైబ్రిడ్ విత్తనం, అంటే నాలుగు కిలోల ప్యాకెట్లు రెండు. మొక్కలు 33 వేల పైచిలుకు నిలబడాలి. వరి రైతు కంటికి అది పలచగా కనిపిస్తుంది. ఇంకో ప్యాకెట్ వేయాలనిపిస్తుంది. వేయకండి, పొత్తు చిన్నదైపోతుంది.

కలుపే ఇక్కడ అసలు ఖర్చు. విత్తిన రెండు రోజుల్లోపు తేమ ఉండగా అట్రాజిన్ 50 శాతం పొడి మందు, బరువు నేలకు ఎకరానికి కిలో దాకా, 200 లీటర్ల నీటిలో కలిపి నేలంతా తడిసేలా కొట్టాలి. అప్పటికే మొలిచిన కలుపు మీద చాలామంది పారాక్వాట్ కలుపుతారు. దాని గురించి ఒక్క మాట: ఒంట్లోకి పోతే విరుగుడు లేదు. వాడకుండా గడిస్తే మంచిది. నేను ఆ డబ్బుతో మోళ్ళు కొట్టించి, తర్వాత వచ్చే కలుపుకు 20 నుంచి 25 రోజుల మధ్య టెంబోట్రయోన్ ఎకరానికి 115 మిల్లీలీటర్లు కొడుతున్నాను. మధ్యలో పెసర అంతర పంటగా వేసేవాళ్ళు అట్రాజిన్ జోలికి పోకూడదు, పెసర మాడిపోతుంది. వాళ్ళకు పెండిమిథాలిన్.

దున్నని నేలలో వేరు లోతుకు పోదు. మార్చి, ఏప్రిల్‌లో సాయంత్రం ఈదురుగాలి ఒక్కటి వస్తే చేను వాలిపోవచ్చు. ఈ భయానికి పూర్తి మందు లేదు, తొందరగా విత్తి తొందరగా కోయడం తప్ప.

## మొక్కజొన్న, దున్ని బోదెల మీద

ఏటి ఒండ్రు ఉన్న మెరక మడులకు ఇదే సరి. ఇసుక కలిసిన నేలలో దున్నకుండా వేస్తే పైపొర గట్టిపడి వేరు దిగదు. బోదె మీద వేస్తే నీరు నిలబడదు, తడి సమంగా పారుతుంది, ఎరువు వేసి మన్ను ఎగదోయొచ్చు, మొక్క వాలదు. ఇవన్నీ ఉన్నా ట్రాక్టరు ఖర్చు, కూలీ ఖర్చు పెరుగుతాయి. అన్నిటికీ మించి రోజులు పోతాయి. నవంబరు లోపల ఖాళీ అయిన మడికే ఇది.

## ఎరువు, పురుగు: ఏ పద్ధతైనా తప్పనివి

జొన్న తిండిపోతు. రబీకి ఎకరానికి నత్రజని 80 నుంచి 96 కిలోలు, భాస్వరం 32 కిలోలు, పొటాష్ 32 కిలోలు. బస్తాల్లో చెప్పాలంటే డి.ఎ.పి. ఒకటిన్నర, యూరియా నాలుగు, దాంతోపాటు పొటాష్ బస్తా. యూరియా ఒక్కసారిగా పోయకుండా విత్తేటప్పుడు, 25–30 రోజులకు, 45–50 రోజులకు, 60–65 రోజులకు నాలుగు భాగాలుగా. యూరియా బస్తా ధర 266 రూపాయల 50 పైసలే, కానీ దొరకాలి కదా. దొరికినప్పుడే తెచ్చి పెట్టుకోండి.

వరి తర్వాత జొన్నలో జింకు లోపం మామూలే. లేత ఆకుల మీద ఈనెకు రెండు పక్కలా తెల్లటి పట్టీలు కనిపిస్తే అదే. లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేట్ పిచికారీ చేయండి. ముందే తెలిసిన మడి అయితే ఎకరానికి 20 కిలోలు నేలకే వేయడం మేలు.

పురుగు విషయానికొస్తే, 2018లో కర్ణాటకలో మొదట కనిపించిన కత్తెర పురుగు ఇప్పుడు జొన్న ఉన్న ప్రతిచోటా ఉంది. పొద్దున్నే చేలోకి వెళ్ళి మొక్క సుడిలోకి, అంటే కొత్త ఆకులు చుట్టుకుని ఉండే నడి భాగంలోకి, తొంగి చూడండి. ఆకు మీద సన్నటి కిటికీల్లా గీకుళ్ళు, సుడిలో తడిసిన రంపపు పొట్టులాంటి రెట్ట ఉందంటే లోపల అది ఉన్నట్టే. తల మీద తిరగేసిన వై ఆకారంలో గీత ఉంటుంది. గీకుళ్ళ దశలో వేపనూనె ఆపుతుంది. ముదిరితే ఇమామెక్టిన్ బెంజోయేట్ లీటరుకు 0.4 గ్రాము, లేదా స్పైనటోరం 0.5 మిల్లీలీటరు, సాయంత్రం పూట సుడిలో పడేలా. పెద్ద పురుగులకు 10 కిలోల తవుడు, 2 కిలోల బెల్లం, రెండు మూడు లీటర్ల నీళ్ళు కలిపి ఒక రోజు ఊరబెట్టి, చల్లబోయే అరగంట ముందు 100 గ్రాముల థయోడికార్బ్ కలిపి సుడుల్లో వేయాలి. ఆ రోజు కోళ్ళను, పశువులను చేలోకి రానివ్వకండి. మందు కొట్టే మనిషి దొరకని ఇంటికి ఇది పెద్ద అడ్డంకి. ముందే ఆలోచించుకోవాలి.

## దాణాకు అమ్మడం

మన జొన్న చివరికి పోయేది కోళ్ళ దాణాకు. బ్రాయిలర్ దాణాలో సగానికి పైగా మొక్కజొన్నే. ఈమధ్య ఇథనాల్ కూడా తోడయింది. ఆ రెండిటి వల్ల గిరాకీ పెరిగిన మాట నిజం. అయినా 2025 నవంబరులో కర్ణాటకలో మద్దతు ధర రావడం లేదని మొక్కజొన్న రైతులు రోడ్డెక్కారు. కాబట్టి 2,400 వస్తుందని లెక్క వేసుకుని అప్పు చేయకండి. నేను 1,900 వేసుకుంటాను. మన భూమి ఒడిశాలో ఉంది కాబట్టి ఆంధ్రలో పంట నమోదు చేసే ఈ-క్రాప్‌లో ఎక్కదు, అక్కడ ప్రభుత్వం కొన్నా మన బస్తాలు కొనదు. అవతలి వ్యాపారికి అమ్ముకోవచ్చు, అంతే.

వ్యాపారి రెండు చూస్తాడు: తేమ, బూజు. తేమ 14 శాతం దాటకూడదు. పసుపు, ఆకుపచ్చ కలిసిన బూజు పట్టిన గింజలో అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది, కోళ్ళు చస్తాయి, అందుకే లారీ వెనక్కి పంపుతారు. ఎప్పుడు కోయాలో తెలియడానికి పొత్తు మధ్యలోంచి ఒక గింజ పీకి, దాని మొదట్లో గోటితో గీకండి. నల్లటి పొర కనిపిస్తే గింజ నిండినట్టే, ఇక తడి అక్కర్లేదు. ఎండిందో లేదో చూడ్డానికి పొడి గాజు సీసాలో గుప్పెడు గింజలు, రెండు చెంచాల పొడి ఉప్పు వేసి ఊపండి. ఉప్పు గాజుకు అంటుకుంటే 15 శాతానికి పైన తేమ ఉంది, ఇంకో రెండు ఎండలు కావాలి.

ఒకసారి నా గింజ 20 శాతం తేమ ఉందన్నాడు ఒక వ్యాపారి. క్వింటాలుకు 10 కిలోలు తరుగు తీశాడు. నేను తల ఊపాను. ఇంటికొచ్చి లెక్క కడితే, 20 శాతం తేమ ఉన్న 100 కిలోలు 14 శాతానికి ఆరితే 93 కిలోలు మిగలాలి. తరుగు 7 కిలోలే. మూడు కిలోలు నా తెలివితక్కువకు. అప్పటి నుంచి ఆ లెక్క జేబులో రాసి పెట్టుకున్నాను, ఊరికే చూపిస్తే చాలు, బేరం మారిపోతుంది.

## ఇప్పుడు డబ్బు

దిగుబడులు మీ మడికి తగ్గట్టు మార్చుకోండి. నేను వేసుకునేవి ఇవి, మద్దతు ధరలు 2025-26వి.

| పంట | ఎకరం దిగుబడి (క్వింటాళ్ళు) | ధర (రూ.) | చేతికొచ్చేది (రూ.) |
|---|---|---|---|
| దాళ్వా, మండీలో | 25 | 3,169 | 79,225 |
| మొక్కజొన్న, మద్దతు ధరకు | 28 | 2,400 | 67,200 |
| మొక్కజొన్న, వ్యాపారికి | 28 | 1,900 | 53,200 |
| మినుము, మద్దతు ధరకు | 3 | 7,800 | 23,400 |

ఖర్చు తీయకముందు లెక్క ఇది. ఎకరానికి ఎకరం చూస్తే దాళ్వా ముందుంది, దాచేదేం లేదు. కానీ మన దగ్గర తక్కువైంది భూమి కాదు, నీళ్ళు. ఒక ఎకరం దాళ్వా నీళ్ళతో రెండెకరాల జొన్న తడుస్తుంది. వ్యాపారి ధరకే అయినా రెండెకరాలకు 1,06,400. ఖర్చు కూడా రెండింతలు అవుతుంది, విత్తనం, ఎరువు, మందు, కూలీ అన్నీ. కాబట్టి రెండో ఎకరం ఊరికే పడి ఉన్నవాడికి, పెట్టుబడి చేతిలో ఉన్నవాడికి జొన్న గెలుస్తుంది. వడ్డీకి తెచ్చేవాడికి తేడా కరిగిపోతుంది. మినుము అంకె చూసి నవ్వకండి, దానికి పెట్టింది విత్తనం, కోత కూలీ మాత్రమే.

## ఎవరికి ఏది

ఏప్రిల్ దాకా నీళ్ళు, మండీలో పేరు, పల్లపు మడి ఉన్నవాళ్ళు దాళ్వా మానొద్దు. అయితే కిందిమడి వాళ్ళు జొన్న వేస్తున్నారేమో ఒకసారి అడగండి.

బావి ఉండీ ఫిబ్రవరికి సన్నబడేవాళ్ళు, బంక నేలవాళ్ళు, డిసెంబరు నడిమికి మడి ఖాళీ చేయగలిగినవాళ్ళు దున్నకుండా జొన్న వేయండి. మొదటి ఏడు అరెకరం చాలు. మందు డబ్బా, తడి లెక్క, వ్యాపారి మాట, ఇవన్నీ చిన్న మడిలో నేర్చుకోవడం చౌక.

కౌలు రైతుకు నా సలహా వేరు. రబీ కౌలు గింజల్లో ఇస్తానని ఒప్పుకుంటే జొన్న వేయొచ్చు, ధర పడితే యజమానికీ పడుతుంది. డబ్బు రూపంలో ముందే కట్టమంటే పెసలు చల్లడం నయం.

ఆవులు, గేదెలు నాలుగైదు ఉన్న ఇంటికి ఇంకో దారి ఉంది. దాళ్వా మానేస్తే గడ్డి పోతుందని భయపడతారు. ఒక పది, పదిహేను సెంట్లలో మేత జొన్న, ఆఫ్రికన్ టాల్ లాంటిది, వేస్తే 60, 70 రోజులకు పచ్చిమేత. గింజ జొన్ననే పాలు గట్టిపడే దశలో, 80, 90 రోజుల మధ్య, ముక్కలు కొట్టి గాలి చొరకుండా తొక్కి మూసేస్తే నెలన్నరకు సైలేజ్ తయారు. వేసవిలో పాలు తగ్గవు. అమ్మకానికి సైలేజ్ చేద్దామనుకుంటే మాత్రం దగ్గర్లో డెయిరీ ఉందో లేదో చూసుకోండి, తడి సరుకును దూరం మోస్తే డీజిల్ ఖర్చే మిగులుతుంది. పచ్చి పొత్తులు పర్లాకిమిడి బజారులో అమ్ముదామనేవాళ్ళు దాణా రకం కాకుండా తీపి రకం చూసుకోవాలి. అదీ ఓ నాలుగు వరసలు చాలు.

మనుషులు వలసపోయి ముసలివాళ్ళే ఉన్న ఇల్లయితే, జొన్న వద్దు. సుడిలోకి తొంగి చూసేవాళ్ళు లేని చేనుకు కత్తెర పురుగే యజమాని.

మా బావ సంగతి చెప్పలేదు కదా. ఆ మడి ఆరడానికి 17 రోజులు పట్టింది. డిసెంబరు 15న తాడు కట్టాం. గాళ్ళను పారతో పూడ్చకుండా వాటినే నీరు తీసే కాలువలుగా బయటికి కలిపేశాడు, ఆ తెలివి నాకు రాలేదు. పైమడి ఎత్తులో ఉంది, అందులో పెసలు చల్లించాం. పల్లపు మడిలో దాళ్వా నారు పోశాం. వచ్చే జూన్‌లో స్వర్ణ ఎన్ని సంచులు, 1010 ఎన్ని సంచులు తేవాలో ఇప్పటికే తలుపు వెనక సుద్దతో రాసి పెట్టాడు.